మందారానికి పిండినల్లి, గ్రూపుకి పాత గొడవ: ఒక కేస్ స్టడీ

మిద్దెతోటల ఫేస్‌బుక్ గ్రూపు ఒకదానికి నేను ఆరేళ్ళుగా అడ్మిన్‌ని. మొత్తం నలుగురం చూసుకుంటాం. నాది రాజమహేంద్రవరం. 22 ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక మేడ మీద 60 కుండీలు, ఫోన్లో ఈ గ్రూపు నా పని. రెండిట్లో కుండీలే నయం. 2020 లాక్‌డౌన్‌లో జనమంతా ఒక్కసారిగా మిద్దె ఎక్కారు, మా గ్రూపూ అప్పుడే పెరిగింది. అంతకుముందు నుంచీ ఉన్నవాళ్ళకి ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలుసు. తర్వాత వచ్చినవాళ్ళకి ఎవరి సంగతీ తెలియదు. ఈ కేసంతా ఆ తేడాలోంచి పుట్టిందే.

ఒక పోస్టు కింద జరిగిన రభస, దాన్ని చూసి హడలిపోయి గ్రూపు వదిలేసిన ఒక అమ్మాయి, ఆమెకి నేను సర్దిచెప్పిన తీరు, అందులో నేను చేసిన తప్పు, ఇవి రాస్తాను. పేర్లు రాయను. మా దగ్గర ఎలాగూ ఊళ్ళ పేర్లతోనే పిలుచుకుంటాం.

ఆ రాత్రి

ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి తొమ్మిది దాటాక పోస్టు పడింది. ఫొటోలో ఎర్ర ముద్దమందారం. కొమ్మల చివర్లు ముడుచుకుపోయి, తెల్లగా దూది అంటించినట్టు ఉన్నాయి. ‘హాయ్ ఫ్రెండ్స్, నేను కొత్త. మా మందారానికి ఇలా వచ్చింది. ఏం కొట్టాలి? ప్లీజ్ హెల్ప్.’ అంతే. పెట్టినామె కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో ఉంటుందనీ, బాల్కనీలో ఉన్నవి ఆరే కుండీలనీ, గ్రూపులో చేరి తొమ్మిది రోజులే అయిందనీ నాకు మర్నాడు తెలిసింది.

అది పిండినల్లి, ఇంగ్లీషులో మీలీబగ్ అనే పురుగు. ఎండలు ముదిరితే మాకు రోజుకి రెండు పోస్టులు దాని మీదే వస్తాయి. మొదటి జవాబు గుంటూరు అన్న నుంచి వచ్చింది. ఆయన మిర్చి రైతు. ఇమిడాక్లోప్రిడ్ పేరు రాసి, లీటరుకి ఎంతో రాసి, ‘కొట్టుకో తల్లీ, రెండ్రోజుల్లో పోద్ది’ అన్నాడు. ఆ మందు మన దగ్గర ఏ పురుగుమందుల కొట్టుకెళ్ళినా దొరుకుతుంది. తేనెటీగలకి చేటని ఐరోపా సమాఖ్య దేశాలు 2018లో ఆరుబయట పంటల మీద దాని వాడకాన్ని నిషేధించాయి. ఈ రెండు సంగతులూ నిజమే. ఒకటి తెలిసినవాళ్ళు రెండోది వినరు, అదీ మా ఇబ్బంది.

రెండు నిమిషాల్లో అనంతపురం అక్క వచ్చింది. ‘పసిపిల్లలు తిరిగే బాల్కనీలో విషం కొట్టమంటారా? వేపాకు, ఆవుపేడ, మూత్రంతో నీమాస్త్రం చేసుకోండి.’ ఆయన ఊరుకుంటాడా? ‘విషం అమ్ముకునే వాళ్ళం కాదు మేడమ్, పండించే వాళ్ళం.’ అక్కడి నుంచి పిండినల్లిని అందరూ మర్చిపోయారు. ఒకళ్ళు ‘మందుల కంపెనీ ఏజెంట్లు’ అంటే ఇంకొకళ్ళు ‘ఆవుమూత్రం బ్యాచ్’ అన్నారు. ‘మీలాంటివాళ్ళ వల్లే ఇంటికో క్యాన్సర్’ అని ఒకావిడ రాస్తే, ‘పొద్దున మీరు తిన్న ఇడ్లీ బియ్యం ఏ కషాయంతో పండిందో కనుక్కోండి’ అని జవాబు.

ఈ రొదలో ఎక్కడో బాపట్ల సార్ కామెంట్ ఉంది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయినాయన. ‘కొమ్మ మీద చీమలు తిరుగుతున్నాయేమో చూడమ్మా. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కొమ్మ నుంచి కొమ్మకి మోస్తాయి. చీమల్ని ఆపకుండా ఏం కొట్టినా మళ్ళీ వస్తుంది’ అని మొదలుపెట్టి, బొప్పాయి పిండినల్లి సంగతి కూడా రాశాడు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడి బొప్పాయి, మల్బరీ తోటల్ని పాడుచేసిన పురుగది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన చిన్న కందిరీగ దాన్ని అదుపులోకి తెచ్చింది. ఆ రాత్రి రాసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. దానికి వచ్చినవి రెండు లైకులు, అందులో ఒకటి నాది.

పదకొండున్నర దాటాక ఆ అమ్మాయి ‘సారీ అండీ, నా వల్ల గొడవైంది’ అని రాసి పోస్టు తీసేసింది. పోస్టుతో పాటు కింద ఉన్న 160కి పైగా కామెంట్లూ పోయాయి, బాపట్ల సార్‌ది కూడా. ఇంకో పది నిమిషాలకి ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

ఆమె చదివింది వేరు

మర్నాడు పొద్దున మెసెంజర్‌లో పలకరించాను. మధ్యాహ్నానికి ఫోన్ చేసింది. మొదటి మాటే, ‘నేను అడగకూడనిది ఏమైనా అడిగానా అక్కా?’

ఏం బాధించిందో చెప్పమన్నాను. ఒక కామెంట్ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది: ‘తెలియనివాళ్ళు మొక్కలు పెంచడం, సలహాలు చెప్పడం, రెండూ ఫ్యాషనైపోయాయి.’ రాత్రంతా ఆ వాక్యమే తలలో తిరిగిందట. ‘నన్నే కదా అన్నారు?’

మా అడ్మిన్‌లలో ఒకాయనకి స్క్రీన్‌షాట్ల పిచ్చి. ఎవర్నో బ్యాన్ చేయాలని అన్నీ తీసి పెట్టుకున్నాడు. అవి ముందేసుకుని ఇద్దరం ఫోన్లోనే ఒక్కొక్కటీ చదివాం. ఆ వాక్యం ఆమెని అన్నది కాదు. ‘కడియం నర్సరీ మొక్కలన్నీ మందులతో పెంచినవే, ఎలాగూ చస్తాయి, పీకి పారేయండి, పోయేది 50 రూపాయలు’ అని ఒకాయన రాశాడు. నర్సరీలకి పేరుపడ్డ కడియం మాకు పక్కనే, ఆ మాటకి నాకే ఒళ్ళు మండింది. ‘తెలియనివాళ్ళు’ అన్నది ఆయనకి జవాబు. కాకపోతే ఆ జవాబు ఆయన కామెంట్ కింద కాకుండా విడిగా పడింది. ఆయనేమో కాసేపటికి తన కామెంట్ తీసేసుకున్నాడు. మిగిలిన వాక్యానికి ఎదురుగా కనిపించేది పోస్టు పెట్టిన మనిషే.

ఇంకో చిక్కుంది. ఫేస్‌బుక్ కామెంట్లని రాసిన వరుసలో చూపించదు. మనం మార్చుకోకపోతే ‘మోస్ట్ రెలవెంట్’ అని తనకి నచ్చిన వరుసలో పేరుస్తుంది, ఎక్కువ స్పందన వచ్చినవి పైకి వస్తాయి. తిట్టుకే కదా స్పందన ఎక్కువ. కాబట్టి ఆమె మొదట చదివింది క్యాన్సర్ మాట. దానికి ముందు జరిగిన ఇరవై మాటలు చదివేసరికి పావుగంట అయింది. సినిమాకి ఇంటర్వెల్‌లో వెళ్ళి, క్లైమాక్స్ చూసి, తర్వాత మొదటి సగం చూసినట్టు. పాతవాళ్ళు ‘ఆల్ కామెంట్స్’ పెట్టుకుని చూస్తారు. అలాంటిది ఒకటుందని ఆమెకి తెలియదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పాలని నాకూ తట్టలేదు.

కొత్తవాళ్ళు గొడవని చూసి భయపడతారని మేం అనుకునేవాళ్ళం. నిజానికి వాళ్ళు గొడవని తప్పుగా చదివి భయపడుతున్నారు. ఈ సంగతి నాకు ఆ ఫోన్ కాల్‌తోనే బోధపడింది.

ఒక మాటకి ఎన్ని అర్థాలు

తర్వాత ఆమె అడిగింది: ‘సరే అక్కా, నన్ను కాదు. మరి ఒక పురుగు కోసం అంత కోపమా?’

దీనికి జవాబు పాత సంగతుల్లో ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు ఆంధ్రాలో, తెలంగాణలో మిర్చి తోటల్ని తుడిచిపెట్టింది. పూతలో చేరి పువ్వునే తినేస్తుంది, కాయ పట్టదు. మందు మీద మందు కొట్టినా లొంగక చాలామంది తోటలు దున్నేశారు. గుంటూరు అన్న తన తోట ఫొటో అప్పుడు మా గ్రూపులో పెట్టాడు. ఎవరో దాని కింద, ‘ఇన్నేళ్ళు విషం కొట్టిన పాపం ఊరికే పోతుందా’ అని రాశారు. రాసింది అనంతపురం అక్క కాదు. ఆవిడ దానికి లైక్ కొట్టింది. ఆ లైక్‌ని ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

అనంతపురం అక్క వైపూ ఒక కథ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను, నా తప్పు అక్కడే ఉంది.

ఇక మాటల సంగతి. ‘ఏం కొట్టాలి’ అని ఆ అమ్మాయి మామూలుగా అడిగింది. మా గ్రూపులో ‘కొట్టాలి’ అంటే పురుగుమందు మనిషి, ‘చల్లాలి’ అంటే కషాయం మనిషి అని పాతవాళ్ళు లెక్కేసుకుంటారు, తెలియకుండానే. ‘మందు’ మరీ కష్టం. గుంటూరు అన్న నోట్లో అది పిల్లాడికి జ్వరమొస్తే వేసే మందు లాంటిదే, మొక్కకి జబ్బు, దానికి మందు. ఇంకొందరికి ఆ మాట వినగానే ‘మందు తాగాడు’ అన్న వార్త గుర్తొస్తుంది. పల్లెల్లో పెరిగిన ఎవరికైనా అలాంటి ఇల్లు ఒకటి తెలిసే ఉంటుంది. ఒకే మాట ఒకళ్ళకి వైద్యం, ఇంకొకళ్ళకి శవం. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన అమ్మాయికి ఇది ఎవరు చెప్పాలి?

ప్రకృతి వ్యవసాయం వాళ్ళంతా ఒక పక్షం అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ పద్ధతిని పట్టుకున్నవాళ్ళకి వర్మీకంపోస్టు అంటేనే గిట్టదు, సేంద్రియ వ్యవసాయం కూడా తప్పుదారే అంటారు. వానపాముల ఎరువు సంచీ ఫొటో పెట్టి ‘నేనూ సహజమే’ అని మురిసిపోయిన కొత్తవాళ్ళు సొంత పక్షం అనుకున్నవాళ్ళ చేతిలో తిట్లు తిన్న సందర్భాలు మాకు బోలెడు. దీని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు, ఇక్కడ వద్దు.

కొలతల తేడా మాత్రం చెప్పాలి. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు నేలకి పోసే జీవామృతం లెక్క ఎకరానికి చెప్పిన లెక్క: 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. గుంటూరు అన్న మాట్లాడేదీ ఎకరాల లెక్కే. ఇద్దరూ పొలంలో నిలబడి వాదించుకుంటున్నారు. అడిగిన మనిషి నాలుగో అంతస్తు బాల్కనీలో ఉంది. ఆరు కుండీలకి అసలు ఆ రెండిట్లో ఏదీ అక్కర్లేదు. పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, అందుకే ఒట్టి నీళ్ళ మందు ఏది చల్లినా జారిపోతుంది. ముదిరిన కొమ్మలు కత్తిరించి కవర్లో కట్టి పారేయడం, మిగతావాటిని నీళ్ళ పైపుతో గట్టిగా కడగడం, సబ్బు కలిపిన వేపనూనె వారానికోసారి, చీమల దారి మూయడం. ఈ నాలుగు మాటలు 160 కామెంట్లలో ముక్కలుగా ఉన్నాయి. ఏరుకోవడం కొత్త మనిషి వల్ల కాదు.

అంతకుముందు మేం చేసినవి

క్లుప్తంగా చెప్తాను, గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. 14 నిబంధనల పోస్టు పిన్ చేశాం. చేరేటప్పుడు ‘చదివాను’ అని అందరూ టిక్ పెడతారు, చదివినవాళ్ళు నాకింకా కనపడలేదు. గొడవ మొదలవగానే కామెంట్లు ఆపేసేవాళ్ళం. అది వాట్సాప్‌కి మారేది, ‘టీచర్ గారు మందుల పార్టీ’ అని ఒక పక్కా, ‘గోమూత్రం పార్టీ’ అని ఇంకో పక్కా నాకు బిరుదులు వచ్చేవి. పోస్టు పెట్టినవాళ్ళేమో తమ వల్లే మూతపడిందని ఇంకా ముడుచుకుపోయేవాళ్ళు.

ఒకసారి పదకోశం కూడా రాశాను. జీవామృతం అంటే ఇది, ఎన్‌పీకే అంటే ఇది, కోకోపీట్ అంటే ఇది అని. మూడు రోజులు కూర్చుని రాసిన పని. ‘పురుగుమందు’ అన్న మాటకి నేనిచ్చిన అర్థం మీద దాని కిందే 90 కామెంట్ల యుద్ధం జరిగింది. మా ఆయన ఇప్పటికీ గుర్తుచేసి నవ్వుతారు.

ఇప్పుడు చేస్తున్నది

కూకట్‌పల్లి అమ్మాయితో మాట్లాడాక రెండు పనులు మొదలుపెట్టాం. మొదటిది పోస్టు కిందే. మాటలు వేడెక్కుతున్నాయనిపించగానే అడ్మిన్‌లలో ఒకరు అడిగినవాళ్ళనే అడుగుతారు: ఎన్ని కుండీలు, ఎన్ని గంటల ఎండ, మొక్క తినేదా పూలదా, ఇంట్లో పిల్లలు గానీ పెంపుడు జంతువులు గానీ ఉన్నాయా. జవాబు రాగానే దాన్ని పైన పెడతాం. ‘ఆరు కుండీలు, పొద్దుటి ఎండ, పూల మొక్క, రెండేళ్ళ పాప’ అని కనపడ్డాక గుంటూరు అన్నే చాలాసార్లు వెనక్కి తగ్గాడు. ‘పాప ఉంటే వద్దులేమ్మా, కడుక్కో చాలు’ అని ఆయన రాసిన రోజు నేను ఆ స్క్రీన్‌షాట్ దాచుకున్నాను.

రెండోది వాయిస్ నోట్. గంటలోపు అడిగినవాళ్ళ ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. రాతలో పంపి చూశాం, నోటీసులా ఉందన్నారు. గొంతు వింటే తేడా ఉంది. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

‘అమ్మా, నేను రాజమండ్రి అక్కని, గ్రూపు అడ్మిన్‌ని. మీ పోస్టు కింద చాలామంది మాట్లాడుతున్నారు, కంగారు పడకండి. మీతో మాట్లాడుతున్నది ఇద్దరే, బాపట్ల సార్, నీళ్ళతో కడగమన్న నెల్లూరావిడ. వాళ్ళకి జవాబివ్వండి చాలు. మిగతావాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు, అది మీరు రాకముందు నుంచీ ఉన్నదే. కామెంట్ల పైన ఆల్ కామెంట్స్ అని ఉంటుంది, అది నొక్కి మొదటి నుంచి చదవండి. పోస్టు మాత్రం తీసేయకండి, ఇంకొకళ్ళకి పనికొస్తుంది. ఇప్పుడు పడుకోండి, పొద్దున చూద్దురు గాని.’

‘ఇప్పుడు పడుకోండి’ అన్నదానికే ఎక్కువ థ్యాంక్స్ వచ్చాయి. మరుసటి వేసవిలో భయపడి పోస్టు తీసేసుకున్నవాళ్ళు మా దృష్టికి వచ్చినంతలో ఇద్దరే. కూకట్‌పల్లి అమ్మాయి వారానికే తిరిగి చేరింది. మందారం బతికింది, కొమ్మలు సగానికి సగం కొట్టేయాల్సి వచ్చింది.

నా తప్పు

అనంతపురం అక్క వాళ్ళ నాన్న వేరుశనగ రైతు. ఆయన జబ్బు గురించి, చేతులకి తొడుగుల్లేకుండా ఏళ్ళ తరబడి మందులు కలిపిన సంగతి గురించి, ఆవిడ ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లో కూర్చుని చెప్పింది. గ్రూపులో ఎప్పుడూ రాయలేదు. నేను ఆ అమ్మాయికి ఫోన్లో వెనక కథ చెప్తూ చెప్తూ, ఆవేశంలో అదీ చెప్పేశాను. అర్థమవ్వాలి కదా అనుకున్నాను.

ఆ అమ్మాయిది మంచి మనసు. తిరిగి చేరగానే అనంతపురం అక్కకి మెసేజ్ పెట్టింది: ‘మీ నాన్నగారి గురించి అక్క చెప్పారండీ. మీ బాధ అర్థమైంది.’

ఆ సాయంత్రం అనంతపురం నుంచి ఫోన్. అరవలేదు. ‘మా నాన్న సంగతి నీ వంటింట్లో చెప్పాను అక్కా. నువ్వు దాన్ని కొత్తవాళ్ళకి పాఠంగా చెప్తున్నావా?’ నా దగ్గర జవాబు లేదు. క్షమించమన్నాను. ‘సరే’ అని పెట్టేసింది. ఇప్పటికీ మా మధ్య ఆ ‘సరే’ తప్ప పెద్దగా మాటల్లేవు. గ్రూపులో ఉంది, కషాయాల గురించి రాస్తుంది, నా పోస్టుల వైపు రాదు.

గుంటూరు అన్నకీ విషయం చేరింది, గ్రూపంటే ఊరే కదా. ఆయన కోపం వేరే రకం. ‘నా మిర్చి పోయింది కాబట్టి అలా మాట్లాడతానని చెప్పావంట కదమ్మా. మిర్చి పోకపోయినా నేను అదే మాట అంటాను. నా మాటలో తప్పుంటే తప్పు చూపించు. నా మీద జాలి చూపించమాక.’

ఆయన అన్నది నన్ను చాలా రోజులు కుదిపింది. వెనక కథ చెప్తే కొత్తవాళ్ళకి భయం పోతుంది, నిజమే. దాంతో పాటు, ఇదంతా ఎవరి బాధ వాళ్ళు వెళ్ళగక్కుకోవడమే, ఇందులో పట్టించుకోవలసిన విషయమేమీ లేదన్న అభిప్రాయం కూడా కలుగుతుంది. విషయం ఉంది. ఇంటి మొక్క మీద ఆ మందు కొట్టొచ్చా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్నే. పూలకి తేనెటీగలు వస్తున్నాయా, ఆ పూలు దేవుడికి పెట్టి ఊరుకుంటారా లేక నూనెలో కాచి తలకి రాసుకుంటారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నేను కథలు చెప్పి ఆ ప్రశ్నని పక్కకి నెట్టేశాను.

అప్పటి నుంచి ఇద్దరు మనుషుల మధ్య పాత పేచీ ఉందంటే, గ్రూపులో వాళ్ళంతట వాళ్ళు రాసుకున్న పోస్టు లింకు ఇస్తాం, అంతకు మించి ఒక్క ముక్క చెప్పం. లింకు లేని సంగతి మాకు తెలియని సంగతే. ‘వాళ్ళకి పాత గొడవ ఉంది’ అన్న వెంటనే ‘వాళ్ళు వాదించేది ఫలానా విషయం, మీ ఆరు కుండీలకి దానిలో ఇంతవరకే వర్తిస్తుంది’ అని కూడా చెప్పాలని మా నలుగురం ఒప్పుకున్నాం. రెండో సగం చెప్పడం కష్టం, దానికి మనకి సబ్జెక్ట్ తెలియాలి. తెలియనప్పుడు బాపట్ల సార్‌కి ఫోన్ చేస్తాను. ఆయన మధ్యాహ్నం నిద్ర పాడుచేసినందుకు వాళ్ళావిడ నన్ను తిడుతుంది.

మొన్న రాత్రి కోకోపీట్ మీద, అంటే కుండీల్లో మట్టి బదులు వాడే కొబ్బరి పొట్టు మీద, ఒకటి మొదలైంది. మట్టి లేకుండా పెంచితే అది కూరగాయేనా అని ఒకాయన, మేడ మీద మట్టి బరువు మీ నాన్న మోస్తాడా అని ఇంకొకాయన. పోస్టు పెట్టింది భీమవరం కుర్రాడు, కొత్తవాడు. వాయిస్ నోట్ పంపుదామని ఫోన్ తీసేసరికి కూకట్‌పల్లి అమ్మాయి నుంచి మెసేజ్ ఉంది.

‘అక్కా, ఆ అబ్బాయితో నేను మాట్లాడనా? ఇది పాతదా, కొత్తదా?’

పైకి వెళ్ళి ఆల్ కామెంట్స్ పెట్టుకుని మొదటి నుంచి చదివాను. ఆ ఇద్దరు పెద్దమనుషుల్నీ నేనెప్పుడూ చూసినట్టు లేదు. ‘నువ్వే మాట్లాడు, ఇది కొత్తదిలా ఉంది’ అని జవాబిచ్చి, పాలు పొంగుతుంటే లోపలికి వెళ్ళాను.